దిగుడుబావి మెట్లు

బావి త్రవ్వించుట పుణ్యకార్యమని మన పూర్వులు తలచిరి. రాతిమెట్లతో కట్టిన దిగుడుబావి ఊరికి అలంకారము. చేద, గిలక లేకున్నను పసిపిల్లలైన దిగి కడవ ముంచుకొనవచ్చును. ఆ సౌకర్యమే అనేక తరముల పిల్లలకు కీడై పరిణమించిన చరిత్రను మనమిప్పుడు తలచుకొందము.

నారికురుపు పేరు శ్రోతలలో పెద్దవారు మరచియుండరు. కాలిమీద మంటతో బొబ్బ లేచును. అది పగిలి, తెల్లని దారమువంటి పురుగు తల చూపును. దాని పొడవు రెండు మూడు అడుగులు. తెగకుండ ఒక పుల్లకు చుట్టి, దినమునకు కొంచెము చొప్పున వెలికి తీయవలెను. సుమారు 3,500 ఏండ్లనాటి ఈజిప్టు వైద్యగ్రంథమైన ఏబర్స్ పాపిరస్‌లో ఈ పద్ధతియే సూచింపబడినదని పండితుల అభిప్రాయము. ఇందుకు వారముల తరబడి కాలము పట్టును. నడువలేని బాలుడు బడికి పోలేడు. తల్లిదండ్రులు మంచము పట్టినచో, ఆరోగ్యముగా నున్న బాలుడు సైతము పలక విడిచి పొలమునకో పశువుల వెంటనో పోవలసి వచ్చెడిది. ఈ వ్యాధిలో మరణము అరుదు. కాని పోయిన చదువు తిరిగి రాదు.

1870 ప్రాంతమున తుర్కిస్తానములో ఫెద్చెంకో అను రష్యను శాస్త్రజ్ఞుడు దీని మూలమును కనుగొనెను. మంట చల్లారుటకై రోగి కాలు నీట నుంచగనే పురుగు వేలకొలది పిల్లపురుగులను విడుచును. సైక్లాప్స్ అను అతిసూక్ష్మమైన నీటిజీవి వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవారి దేహములో అవి సుమారు ఏడాది పెరిగి, మరల కాలినుండి వెలువడును. దిగుడుబావిలో కాలును, కడవయు ఒకే నీట మునుగును గదా!

మూలము తెలిసినను వ్యాధి పోలేదు. 1930ల దశకమున మైసూరు సంస్థానమందు మూర్తి, స్వీట్ అను పరిశోధకులు సైక్లాప్స్‌ను తిను చేపలను దిగుడుబావులలో విడిచి చూచిరి. దేశవ్యాప్తమైన పూనిక మాత్రము 1980ల దశకమునగాని కుదురలేదు. 1984లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రములలో సుమారు 40,000 మంది రోగులు లెక్కకు వచ్చిరి.

దీనికి టీకా లేదు. పురుగును చంపు మందును లేదు. ఆరోగ్య కార్యకర్తలు ఊరూర తిరిగి రోగులను వెదకిరి. మెట్లు మూయించి చేదబావులుగా మార్పించిరి. గొట్టపుబావులు వేయించిరి. సైక్లాప్స్‌ను చంపుటకు నీట టెమిఫాస్ కలిపిరి. త్రాగునీటిని గుడ్డతో వడబోయుమని ఇల్లాండ్రకు నేర్పిరి. 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కడపటి రోగి కానవచ్చెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశము ఈ వ్యాధినుండి విముక్తమైనదని ధ్రువపరచెను. 1986లో ప్రపంచమున సుమారు 35 లక్షల మందిని బాధించిన నారికురుపు 2024లో 15 మందిలో మాత్రమే కనిపించినది.

ఫెద్చెంకో పరిశోధనకును, మన దేశపు కడపటి రోగికిని నడుమ నూటపాతిక ఏండ్లు గడచినవి. శాస్త్రజ్ఞుని బల్లమీద తేలిన సంగతి పల్లెలోని బావిగట్టునకు చేరుటకు అంత కాలము పట్టినది. ఆ లోపల బడి మానిన పిల్లల చదువును ఎవరు లెక్కింపగలరు? పాత దిగుడుబావిని చూచినపుడు మనము దాని శిల్పమును మెచ్చుకొందుము. మూసిన మెట్లవైపు కూడ ఒక్కమారు చూడవలెనని మా మనవి. మెట్లు మూసిన ఆ చేతులు పిల్లలను మరల బడికి నడిపించినవి.