దారువహనమున అశ్వము

అమరసింహుడు రథమును లాగు గుఱ్ఱమునకు 'రథ్య' మను పేరును, వీపున బరువు మోయుదానికి 'పృష్ఠ్యము', 'స్థౌరి' యను పేళ్లను క్షత్రియవర్గమున చెప్పినాడు. ధుర్యము, ధౌరేయము, ధురీణము, శాకటము, హాలికము, సైరికము అనునవి మాత్రము వైశ్యవర్గమున, గోవులను గూర్చిన పదముల నడుమ చేరినవి. పాణినియు చతుర్థాధ్యాయ చతుర్థపాదమున 'దానిని వహించును' అను నర్థమున రథము, యుగము, ప్రాసంగము, ధుర, శకటము, హలము, సీరము అను శబ్దములకు ప్రత్యయములను విధించెను. అడవిలో నఱకిన దుంగను నేలపై ఈడ్చుకొనిపోవు జంతువునకు ప్రత్యేకమైన పేరు ఈ రెండు తావులందును కానరాదు. పేరు లేనంతమాత్రమున పనియు లేదనుట శాస్త్రము కాదు. ఎద్దులును, ఏనుగులును భరతఖండమున దుంగల నీడ్చుచునే వచ్చినవి. గోదావరీతీరపుటడవులలో ఎద్దు లీడ్చి ఏటియొడ్డునకు చేర్చిన కలప తెప్పలై రాజమహేంద్రవరమునకు దిగుచుండెడిది. అయితే గుఱ్ఱము ఆ పనికి రాలేదు. ఉత్తర యూరపునందు అదియే పని గుఱ్ఱమునకు ముఖ్యవృత్తులలో ఒకటియైనది. ఈ భేదమునకు కారణ మేమి?

దీనికి ప్రసిద్ధమైన సమాధాన మొకటి కలదు. ఫ్రెంచి అశ్వదళమున అధికారిగా నుండి విరమించిన లెఫెవ్ర్ దె నొయెత్ 1931లో ప్రకటించిన గ్రంథమున ఇట్లు వాదించెను: ప్రాచీనులు గుఱ్ఱమునకు కట్టిన పట్టీ కంఠనాళమును నొక్కుచుండెను, కావున గుఱ్ఱము ఎంత గట్టిగా లాగిన అంతగా ఊపిరి తిరుగక నిలిచిపోవుచుండెను, భుజములపై ఆనెడి గట్టి మెడపట్టెడ మధ్యయుగమున యూరపునకు వచ్చిన తరువాతనే గుఱ్ఱము భారవాహి యయ్యెను. 438లో వెలువడిన థియొడోసియసు ధర్మసంహితలో బండ్లకు విధింపబడిన బరువు పరిమితి మిక్కిలి తక్కువగా నుండుట ఆయన చూపిన సాక్ష్యములలో నొకటి. రాజశాసనమున బరువునకు మితి పెట్టుట బాటలను, బండ్లను, పశువులను కాపాడుటకును కావచ్చును. దానినుండి పశువు శక్తిని లెక్కగట్టుట సాహసము. ఈ వాదము చిరకాలము పాఠ్యగ్రంథములలో నిలిచినది. 1977లో ఝాఁ స్ప్రూయిత్ ప్రాచీన చిత్రములను, శిల్పములను అనుసరించి కాడిని, పట్టీలను తిరిగి నిర్మించి, సజీవమైన గుఱ్ఱములకు కట్టి తోలి, అవి ఉక్కిరిబిక్కిరి కాకుండుటను చూపెను. ప్రత్యక్షము ముందు అనుమానము నిలువలేదు.

అట్లని మెడపట్టెడకు ప్రాధాన్యమే లేదనరాదు. అడవిపని విషయమున దాని గొప్పతనము ఊపిరిలో కాక వేఱొకచోట నున్నది. కాడి సాధారణముగా రెండు పశువులను జతపఱచును; వాని నడుమ ఏడికోల నిలుచును. ఏకధురీణము, సర్వధురీణము అను శబ్దములందును 'ధుర'యే ప్రధానము. రాజమార్గమున ఇది చక్కగా సాగును. చెట్లు దగ్గఱ దగ్గఱగా నిలిచిన అడవిలో జతపశువులు ప్రక్కప్రక్కన దూరి పోవుట కష్టము; నిడుపైన కోల మలుపు తిరుగదు. మెడపట్టెడకు ఇరువైపుల తగిలించిన పగ్గములు వెనుక ఒక అడ్డకఱ్ఱకు చేరును. అడ్డకఱ్ఱ నడుమనుండి ఒక గొలుసు దుంగమొదలును చుట్టును. ఇంతే సాధనము. కోల లేదు, చక్రము లేదు. ఒంటిగుఱ్ఱము రెండు మ్రాకుల సందున మలగి పోగలదు. లాగునపుడు పగ్గము ఏటవాలుగా నుండుటచే దుంగ ముందుకొన కొంచెము పైకి లేచి నేలను దున్నకుండును. ఒంటరిగా లాగగలుగుటయే ఇచట అసలు లాభము.

సాధన మున్నను ప్రయోజనము లేనిదే ఆచార మేర్పడదు. ఆంధ్రదేశమున గుఱ్ఱము సైన్యమునకే చాలకుండెను. విజయనగరపు రాజులు అరేబియానుండి ఓడలపై వచ్చెడి గుఱ్ఱములను పోర్చుగీసువారి యొద్ద అధికమైన వెలకు కొనుచుండిరి. అట్టి వెలగల జంతువును దుంగకు కట్టువా డెవడు? గడ్డితిని బ్రదుకు ఎద్దు ఇంటనే యుండగా అట్టి యోచనయే పుట్టదు.

ఫిన్లాండు, స్వీడనుల స్థితి దీనికి విపర్యయము. అచట సేద్యము వేసవికాలపు పని. శీతకాలమున నేల గడ్డకట్టి మంచు కప్పియుండ, రైతునకును గుఱ్ఱమునకును పొలమున పని యుండదు. మేత మాత్రము తప్పదు. చెట్లు నఱకుటకు తగినకాలము సరిగా అదియే. మంచుపై జాఱుబండికి ఘర్షణ స్వల్పము గనుక, వేసవిలో కదలింపలేని బరువును ఒక్క గుఱ్ఱము లాగును. బురదనేలలును చెఱువులును గడ్డకట్టి బాటలగును. కావున రైతులు గుఱ్ఱములతో అడవికి పోయి, కఱ్ఱయిండ్లలో నివసించుచు, ప్రక్కనే గుఱ్ఱపుసాల కట్టుకొని, కలపను ఏటియొడ్డునకు చేర్చి కూలి గొనుచుండిరి. వసంతమున మంచు కరగిన పిమ్మట ఏఱులే దానిని రంపపుశాలలకు మోయుచుండెను. పొలము, మంచు, ఏఱు అను మూడింటి క్రమమున గుఱ్ఱము నడిమి కొలికియై నిలిచినది. ఫిన్లాండు గుఱ్ఱమునకు వంశావళిపుస్తకము 1907లో ఏర్పడినది. స్వీడనున వోంగెను అశ్వశాల 1903లో స్థాపితమైనది. ఈ జాతులు మిక్కిలి పెద్దవి కావు. పొలమునకును, అడవికిని, బండికిని ఒకే గుఱ్ఱము చాలవలెనను రైతు అవసరమే వాని పరిమాణమును నిర్ణయించెను. 1939-40 నాటి శీతకాలయుద్ధమున ఇవియే సైన్యమునకును పోవలసివచ్చెను.

అమెరికా సంయుక్తరాష్ట్రములందు వ్యాపారము పెద్దది, సాధనములును పెద్దవి. 1870 తరువాత మిషిగను రాష్ట్రమున మానిస్టీ పట్టణపు ఓవర్‌ప్యాక్ అను బండ్లపనివాడు మనిషికంటె ఎత్తైన చక్రములను చేసి, దుంగలను ఇరుసుక్రింద వ్రేలాడదీసి మంచులేని కాలమునను గుఱ్ఱములచే లాగించు ఉపాయము కల్పించెను. శీతకాలమున బాటపై రాత్రివేళ నీరు చల్లి నున్నని మంచుగాడులు చేయుచుండిరి. పల్లములందు బండి గుఱ్ఱముపై దూకకుండ గాడులలో గడ్డియో ఇసుకయో పఱచుటకు మనుష్యులను నియమించెడివారు. వారి పని చిన్నదిగా తోచును. ఒక్కపూట ఏమఱినచో గుఱ్ఱమునకు చావే. 1901లో మెయిను రాష్ట్రపు లంబార్డు ఆవిరితో నడచి దుంగలబండ్లను లాగు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. దూరపుబాటలు క్రమముగా యంత్రముల వశమైనవి. మొద్దునుండి బాటవఱకు గల కొలది దూరము చాలకాలము గుఱ్ఱమునకే మిగిలినది.

రెండవ ప్రపంచయుద్ధానంతరము మోటారురంపము, ట్రాక్టరు వచ్చి అదియు పోయినది. 1950 ప్రాంతమున ఫిన్లాండున సుమారు 4 లక్షల గుఱ్ఱము లుండెను. 1987 నాటికి ఆ దేశపు స్వజాతిగుఱ్ఱములు సుమారు 14 వేలకు దిగినవి. ఇంత శీఘ్రమైన పతనము పశుచరిత్రమున అరుదు.

గుఱ్ఱము పూర్తిగా పోలేదు. రుమేనియా కొండలలో వాడుక నిలిచియే యున్నది. బెల్జియము, జర్మనీ, బ్రిటను దేశములందు ఒక ప్రత్యేకమైన పనికై దానిని తిరిగి పిలుచుచున్నారు. పెంచిన అడవిలో మొక్కలను దట్టముగా నాటుదురు. అవి యెదిగిన కొలది క్రిక్కిఱిసినవానిని తీసివేసినగాని మిగిలినవి లావెక్కవు. ఇచట పోవు చెట్టుకంటె నిలుచు చెట్టు విలువైనది. దాని బెరడు గీచుకొనిన ఆ గాయమున బూజు ప్రవేశించి మ్రానును కుళ్లించును; బరువైన చక్రములచే నేల గట్టిపడిన వేళ్లకు గాలియు నీరును అందవు. యంత్రమునకు సుమారు 4 మీటర్ల బాట కావలెను, అట్టి బాటలు సాధారణముగా 20 మీటర్ల కొకటి వేయుదురు. జర్మనీలో కొన్నిచోట్ల ఆ ఎడమును 40 మీటర్లకు పెంచి, నడిమిభాగపు దుంగలను గుఱ్ఱముచే బాటయొడ్డునకు ఈడ్పించి, అచటినుండి యంత్రమున కెక్కింతురు. గుఱ్ఱమునకు వెలయు యంత్రమునకు వెలయు పోల్చి గుఱ్ఱము నష్టమనువారు, నిలిచియున్న చెట్టునకు కలుగు హానిని లెక్కలో వేయుట మఱచుచుందురు.

ఈ పనిలో తోలువాడు గుఱ్ఱము వెనుక, దుంగకు ప్రక్కగా నడచును. ఒక్క పగ్గమును, నాలుగైదు మాటలును వానికి చాలును. దుంగ మొద్దునకు తగులుకొనినయెడల నేర్పుగల గుఱ్ఱము మఱింత బలముగా లాగదు. తానే నిలిచి, తోలువాడు దుంగను త్రిప్పువఱకు వేచియుండును.