నిద్రాభీతి

నిద్రాభీతి చిన్నపిల్లలకు గాఢనిద్రలో కలిగే తీవ్రమైన భయం. సాధారణంగా 3 నుండి 12 సంవత్సరాల వయస్సులో, నిద్రపోయిన 1-3 గంటలలో వస్తుంది. బిడ్డ కేకలు వేస్తూ లేచి కూర్చుంటుంది. కళ్ళు తెరచి ఉన్నా తల్లిని గుర్తించదు. పీడకలవలె కాక, ఇది సాధారణంగా ఉదయానికి గుర్తుండదు.

==కారణాలు==
తెలుగునాట దీనిని దడుపు, దిష్టి అని భావించి తాయెత్తు కట్టడం ఉంది. నిజానికి నిద్రలేమి, అలసట, జ్వరం దీనిని ప్రేరేపిస్తాయి. కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా కూడా కనిపిస్తుంది. హైదరాబాదు శివారులోని బాలాపూర్ వంటి చోట్ల వినాయక నవరాత్రులలోనైనా పిల్లలను వేళకు నిద్రపుచ్చడం మేలు.

==జాగ్రత్తలు==
* కుదిపి లేపరాదు. దెబ్బ తగలకుండా చూస్తూ పక్కనే ఉండాలి. కొద్ది నిమిషాలలో దానంతటదే తగ్గుతుంది.
* రోజూ ఒకే వేళకు వస్తుంటే, 15-30 నిమిషాల ముందే మెల్లగా లేపి, తిరిగి పడుకోబెట్టవచ్చు.
* కాళ్ళుచేతులు బిగుసుకుని కొట్టుకుంటుంటే మూర్ఛ కావచ్చు; వెంటనే వైద్యుని సంప్రదించాలి.

చాలామందిలో ఇది యుక్తవయస్సు నాటికి పోతుంది.