రాజ్‌దూత్ 350: మరమ్మతు

యమహా ఆర్‌డి350 ఆధారంగా ఎస్కార్ట్స్ సంస్థ భారతదేశంలో 1983లో విడుదల చేసిన స్పోర్ట్స్ బైక్. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజిన్, 347 సీసీ, 6 గేర్లు.

పాత బండిలో మొదట చూడాల్సింది క్రాంక్ సీళ్లు. కుడి సీలు పోతే ఇంజిన్ గేర్ ఆయిల్‌ను పీల్చుకుంటుంది. సైలెన్సర్ తెల్లటి పొగ కక్కుతుంది, ఆయిల్ మట్టం తగ్గుతుంది. ఎడమది పోతే గాలి చొరబడి పెట్రోలు పాలు తగ్గుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం వెంటనే దిగదు. ఇదే ఎక్కువ ప్రమాదం. ఈ స్థితిలో తమిళనాడులోని రాజపాళయం నుంచి సేత్తూరు మీదుగా తెన్కాశి వైపు మిట్టమధ్యాహ్నం ఆపకుండా నడిపితే పిస్టన్ పట్టేయవచ్చు. సీళ్లు మార్చకుండా కార్బ్యురేటర్ జెట్లు మార్చడం వృథా.

తర్వాత రెండు కార్బ్యురేటర్ల స్లైడ్లూ ఒకేసారి లేచేలా కేబుళ్లు సరిచేయాలి. ఒక్కో సిలిండర్‌కు వేరే కాంటాక్ట్ పాయింట్లు ఉంటాయి కాబట్టి టైమింగ్ విడివిడిగా చూడాలి.