మూడు చారల ముచ్చట

విభూతి పెట్టుకున్నా మూడు గీతలే, నామం పెట్టుకున్నా మూడు గీతలే. అడ్డంగా ఉంటే శివుడు, నిలువుగా ఉంటే విష్ణువు. పేరు అడగక్కర్లేదు, నుదురు చూస్తే చాలు. బూట్లమ్ముకునే ఓ కంపెనీ కూడా డెబ్భై ఏళ్లకు పైగా మూడు గీతల మీదే బతుకుతోందంటే నాకు చోద్యంగా ఉంటుంది.

జర్మనీలో హెర్జోగెనౌరాక్ అని ఓ చిన్న ఊరు. అక్కడ డాస్లర్ వారింట్లో, తల్లి బట్టలుతికే గదిలో, అడాల్ఫ్ అనే కుర్రాడు బూట్లు కుట్టడం మొదలెట్టాడు. 1924లో అన్న రుడాల్ఫ్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు కొట్టిన జెస్సీ ఓవెన్స్ కాళ్లకున్నవి వీళ్ల బూట్లే. అంతా బాగుందనుకుంటుండగా అన్నదమ్ములకు చెడింది. 1948లో వేరుపడ్డారు. అన్నగారిది ప్యూమా అయింది. తమ్ముడు తన ముద్దుపేరు 'అడి'కి ఇంటిపేరులో ముక్క అతికించి 1949లో 'అడిడాస్' అన్నాడు.

వాటాలు తేలాక గుర్తులు కూడా వేరు కావద్దూ? బూటు పక్కన తోలు సాగిపోకుండా పట్టీలు వేసి కుట్టేవారు. ఆ పట్టీలే మూడు చారలై కూర్చున్నాయి. అంచు చిరగకుండా కుట్టించిన ఫాలే చీరకు అందమైనట్టన్నమాట! ఫిన్లండ్‌లో కర్హూ అనే కంపెనీకి అప్పటికే మూడు చారలుండేవి. 1950ల మొదట్లో ఆ హక్కును కాస్త డబ్బుకీ, రెండు విస్కీ సీసాలకీ కొనుక్కున్నారని చెబుతారు.

1970ల మొదట్లో చారలు దాటిన మూడు రేకుల ఆకు గుర్తు వచ్చింది. 1990ల మొదట్లో, కంపెనీ కష్టాల్లో ఉండగా, పీటర్ మూర్ అనే అమెరికన్ ఆ మూడు చారలనే ఏటవాలుగా, చిన్నా పెద్దా వరుసలో, కొండలా నిలబెట్టాడు. అయితే పాత ఆకును పారెయ్యలేదు. అమ్మమ్మ కాసులపేరు చెరిపించకుండా దాచుకున్నట్టు, పాతకాలపు మోడళ్ల కోసం అట్టేపెట్టారు.

ఇలాంటి కంపెనీలన్నీ గుర్తు వాడకానికి నియమాల పుస్తకం రాసుకుంటాయి. చుట్టూ ఇంత ఖాళీ వదలాలి, ఈ రంగు మీద ఈ రంగే వెయ్యాలి, సాగదియ్యకూడదు, వంచకూడదు. మడి వంటింట్లో కూడా ఇన్ని ఆంక్షలుండవు! చాదస్తం అనిపిస్తుంది కదూ? రెండు సంగతులు చెబుతాను, వినండి.

1974 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో హాలెండ్ జట్టు చొక్కాల మీద అడిడాస్ మూడు చారలు. వాళ్లలో మేటి ఆటగాడు యోహాన్ క్రైఫ్‌కేమో ప్యూమాతో ఒప్పందం. మూడు చారలు వేసుకోనని భీష్మించాడు. చివరికి అతనొక్కడి చొక్కాకి రెండే చారలు! ఒక్క గీత తగ్గితే పక్షం మారిపోయింది. అన్నదమ్ముల తగాదా మైదానం దాకా వచ్చింది.

రెండోది 2019 జూన్‌లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం తీర్పు. 2014లో నమోదైన గుర్తు తెల్లటి నేల మీద మూడు నల్ల చారలు. సాక్ష్యంగా చూపిన వాటిలో చాలామటుకు నల్లటి నేల మీద తెల్ల చారలు. "రంగు తిరగబడితే ఇది ఆ గుర్తు కాదు" అని ఆ సాక్ష్యాలను న్యాయమూర్తులు పక్కన పెట్టేశారు. మిగిలిన రుజువులూ చాలలేదు, ఆ నమోదు చెల్లదన్నారు. కంపెనీకి మూడు చారల మీద వేరే నమోదులున్నాయి కనక సరిపోయింది. లేకపోతే?

అందుకే, ఇంట్లో పచ్చళ్లూ పొడులూ చేసి అమ్ముకునే నా స్నేహితురాళ్లతో ఒకటే అంటుంటాను. సీసా మీద మీ పేరు ఈ నెల ఎర్రగా, వచ్చే నెల పచ్చగా, పండక్కి పువ్వులతో వేయించకండి. అక్షరాలు ఎలా ఉండాలో, రంగేమిటో ఓ కాగితం మీద రాసి ప్రెస్సువాడికివ్వండి. ఆవకాయ రుచి ఏటేటా ఒకేలా ఉండాలని అంత పాటుపడతారే, దాని పేరుకు మాత్రం ఆ పట్టింపు వద్దా?