బ్లాక్‌బర్న్ రోవర్స్: మేనేజర్లు మారినా ఆగని రచ్చ.. వెంకీస్ చేతిలోని ఇంగ్లిష్ క్లబ్ కథేంటి?

వెంకీస్ అంటే మనకు చికెనే గుర్తొస్తుంది. అదే పేరు ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఊళ్లో ఎత్తితే మాత్రం వాదన మొదలవుతుంది. అక్కడి 150 ఏళ్ల ఫుట్‌బాల్ క్లబ్ బ్లాక్‌బర్న్ రోవర్స్ 2010 నుంచి ఈ భారతీయ కంపెనీ చేతిలోనే ఉంది. కొన్నప్పుడు ఆ జట్టు ప్రీమియర్ లీగ్‌లో ఉంది. ఏడాదిన్నర తిరక్కుండానే కిందికి పడిపోయింది. ఆ తర్వాత మళ్లీ పైకి రాలేదు.

తప్పు మేనేజర్లదా? యజమానులదా? యూరప్ టోర్నీల్లో మళ్లీ ఆడే రోజు వస్తుందా? అభిమానులు ఏళ్ల తరబడి తేల్చుకోలేకపోతున్న ప్రశ్నలు ఇవే. అసలు ఈ గొడవ ఎక్కడ మొదలైంది? ఎందుకు తెగడం లేదు? వివరాలు చూద్దాం.

చిన్న ఊరు.. పెద్ద చరిత్ర

బ్లాక్‌బర్న్ ఇంగ్లండ్ వాయవ్యాన లాంకషైర్‌లో ఉంది. ఒకప్పుడు బట్టల మిల్లులకు పేరు. జనాభా లక్ష పైచిలుకే. రోవర్స్ క్లబ్ 1875లో పుట్టింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టిన 12 క్లబ్‌లలో ఇదొకటి. ఎఫ్ఏ కప్‌ను 6 సార్లు, లీగ్ టైటిల్‌ను 3 సార్లు గెలిచింది. సొంత మైదానం పేరు ఈవుడ్ పార్క్.

ఆ 3 టైటిళ్లలో చివరిది 1995 నాటిది. అభిమానులు ఇప్పటికీ దాన్నే కొలబద్దగా పెట్టుకుంటారు. ఆ విజయం వెనక ఉన్నదీ ఒక యజమాని డబ్బే. ఆయన పేరు జాక్ వాకర్. బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి, స్టీల్ వ్యాపారంలో సంపాదించి, 1991లో తన ఊరి క్లబ్‌ను చేతిలోకి తీసుకున్నాడు. కెన్నీ డాల్గ్లిష్‌ను మేనేజర్‌గా తెచ్చాడు. 1992లో అలన్ షియరర్‌ను అప్పటి బ్రిటిష్ రికార్డు ధరకు కొన్నాడు. 1994-95లో షియరర్ లీగ్‌లో 34 గోల్స్ కొట్టాడు. ఆఖరి రోజు రోవర్స్ లివర్‌పూల్ చేతిలో ఓడినా, మాంచెస్టర్ యునైటెడ్ కూడా గెలవలేకపోవడంతో ఒక్క పాయింట్ తేడాతో కప్పు ఈవుడ్ పార్క్‌కు చేరింది.

అంటే రోవర్స్ అభిమానులకు డబ్బున్న యజమాని అంటే కోపం లేదు. వాళ్ల పోలిక అంతా వాకర్‌తోనే. ఆయన ఊరి మనిషి, మ్యాచ్‌కు వచ్చేవాడు, కనిపించేవాడు. 2000లో ఆయన చనిపోయాక క్లబ్ బాధ్యత కుటుంబ ట్రస్టు చూసింది. తర్వాత ట్రస్టు అమ్మకానికి పెట్టింది.

వెంకీస్ ఎలా వచ్చింది?

పుణె కేంద్రంగా నడిచే వెంకటేశ్వర హ్యాచరీస్ గ్రూపును బి.వి. రావు స్థాపించారు. తెలుగు రాష్ట్రాల్లో రోజూ గుడ్డు ధరతో పాటు వినిపించే ‘నెక్’, అంటే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ, 1982లో ఏర్పడటానికి నాయకత్వం వహించింది కూడా ఆయనే. ఆయన కుమార్తె అనురాధా దేశాయ్, కుమారులు వెంకటేశ్ రావు, బాలాజీ రావు గ్రూపును నడుపుతున్నారు. 2010 నవంబర్‌లో సుమారు 2.3 కోట్ల పౌండ్లకు రోవర్స్‌ను కొన్నారు. ఒక భారతీయ కంపెనీ ప్రీమియర్ లీగ్ క్లబ్‌ను కొనడం అదే మొదటిసారి.

నెల తిరగలేదు. అనుభవజ్ఞుడైన మేనేజర్ శామ్ అలర్‌డైస్‌ను తీసేశారు. అప్పటికి జట్టు 13వ స్థానంలో ఉంది. ఆయన స్థానంలో అంతవరకు పెద్ద జట్టును నడపని స్టీవ్ కీన్‌కు పగ్గాలు ఇచ్చారు. గొడవకు బీజం అక్కడే పడిందని అభిమానులు చెబుతారు. ఫుట్‌బాల్ తెలియని యజమానులు ఏజెంట్ల మాట విన్నారన్నది వాళ్ల ప్రధాన ఆరోపణ.

2012 మే 7న వానలో విగన్ చేతిలో 1-0తో ఓడి రోవర్స్ ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడింది. ఆ మ్యాచ్ నడుస్తుండగా అభిమానులు క్లబ్ రంగులు కట్టిన ఒక కోడిని మైదానంలోకి వదిలారు. యజమానుల కోళ్ల వ్యాపారం మీద ఎత్తిపొడుపు అది. ఆ దృశ్యం ప్రపంచమంతా తిరిగింది.

మేనేజర్ల వరస ఇదీ

ఇంగ్లండ్‌లో జట్టు హెడ్ కోచ్‌ను మేనేజర్ అంటారు. కీన్ తర్వాత ఆ కుర్చీ పరిస్థితి ఇలా ఉంది:

- 2012-13: హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, మైఖేల్ యాపిల్టన్ 67 రోజులు మాత్రమే ఉన్నారు. ఒక్క సీజన్‌లోనే ఇంత మార్పు.
- 2013-15: గ్యారీ బోయర్ వచ్చాక కొంత నిలకడ వచ్చింది. 2015 నవంబర్‌లో ఆయన్నూ తప్పించారు.
- 2016: ఓవెన్ కోయిల్ వచ్చాడు. పక్క ఊరి బద్ధశత్రువు బర్న్‌లీకి పనిచేసిన మనిషి కావడంతో అభిమానులు భగ్గుమన్నారు.
- 2017-22: టోనీ మోబ్రే. ఆయన వచ్చేసరికే ఆలస్యమైంది. 2017 మేలో జట్టు గోల్స్ తేడాతో మూడో అంచె లీగ్‌కు పడిపోయింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన ఒక క్లబ్‌కు అలా జరగడం అదే మొదలు. మరుసటి ఏడాదే ఆయన దాన్ని తిరిగి పైకి తెచ్చాడు.
- 2022-24: యాన్ డాల్ టోమసన్. 2022-23లో 7వ స్థానం. 6వ జట్టుతో పాయింట్లు సమానమైనా గోల్స్ తేడాతో ప్లేఆఫ్ పోయింది.
- 2024-25: జాన్ యూస్టస్. 2025 ఫిబ్రవరిలో జట్టు 5వ స్థానంలో ఉండగానే వదిలేసి, అట్టడుగున కొట్టుమిట్టాడుతున్న డెర్బీకి వెళ్లిపోయాడు. చివరికి రోవర్స్ మళ్లీ 7వ స్థానంలోనే ఆగింది.

అభిమానులు ఎక్కువగా చర్చించేది యూస్టస్ సంగతే. పైకి వెళ్లే అవకాశం ఉన్న జట్టును వదిలి కింద ఉన్న జట్టుకు ఎవరైనా వెళ్తారా? వెళ్లాడంటే లోపల ఏదో తేడా ఉన్నట్టేగా అని ఒక వర్గం. మాట తప్పి మధ్యలో వదిలేశాడని ఇంకో వర్గం.

రెండు వైపులా వాదన ఉంది

యజమానులు వెళ్లిపోవాలనే వాళ్లు చెప్పేది ఇదీ: వాళ్లు ఏళ్లుగా స్టేడియంలో కనిపించరు. ఎవరిని అడగాలో తెలియదు. మంచి ఆటగాడు తయారైతే అమ్మేస్తున్నారు. ఉదాహరణకు బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి, క్లబ్ అకాడమీలో పెరిగిన ఆడమ్ వార్టన్‌ను 2024 ఫిబ్రవరిలో క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మేశారు. ఆ వేసవిలోనే అతను ఇంగ్లండ్ యూరో జట్టులో ఉన్నాడు. ఇక మహిళల జట్టు సంగతి. కీరా వాల్ష్, జార్జియా స్టాన్‌వే, ఎల్లా టూన్ లాంటి ఇంగ్లండ్ స్టార్లు ఆడిన ఆ జట్టు ఖర్చు భరించలేమంటూ 2025లో రెండో అంచె లీగ్ నుంచి తప్పుకుంది.

అవతలి వాదనా కొట్టిపారేసేది కాదు. ఇంగ్లండ్ రెండో అంచె లీగైన చాంపియన్‌షిప్‌లో చాలా క్లబ్‌లు నష్టాల్లోనే నడుస్తాయి. వచ్చే ఆదాయం జీతాలకే చాలదు. రోవర్స్‌లో ఆ లోటును ఇన్నేళ్లూ పూడ్చింది వెంకీసే. వాళ్లు చేతులెత్తేస్తే పరిస్థితి ఏంటి? అక్కడికి దగ్గర్లోనే ఉన్న బరీ క్లబ్‌కు 1885 నుంచి చరిత్ర ఉంది. యజమాని డబ్బు పెట్టలేక, కొనేవాడు దొరకక 2019 ఆగస్టులో దాన్ని లీగ్ నుంచే బహిష్కరించారు. ఆ భయం లాంకషైర్‌లో అందరికీ ఉంది.

డబ్బు పంపడం కూడా తేలిక కాలేదు. విదేశీ మారకద్రవ్య నిబంధనలకు సంబంధించిన విచారణ నేపథ్యంలో 2023 నుంచి వెంకీస్ ఇక్కడి నుంచి క్లబ్‌కు నిధులు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి కోరాల్సి వచ్చింది. ఢిల్లీలో వాయిదా పడితే బ్లాక్‌బర్న్‌లో ఆటగాళ్ల కొనుగోలు ఆగుతుందేమోనని అక్కడి వాళ్లు కోర్టు తేదీలు లెక్కపెట్టుకున్నారు.

యూరప్ ఆశలు ఉన్నాయా?

ఇంగ్లండ్ క్లబ్ యూరప్‌లో ఆడాలంటే దారులు ఇవీ:

- ప్రీమియర్ లీగ్‌లో మొదటి 4 జట్లకు చాంపియన్స్ లీగ్. ఇంగ్లిష్ జట్లు యూరప్‌లో బాగా రాణిస్తే మరుసటి ఏడాదికి 5వ జట్టుకూ చోటు దొరుకుతుంది.
- ఎఫ్ఏ కప్ గెలిస్తే యూరోపా లీగ్.
- లీగ్ కప్ గెలిస్తే కాన్ఫరెన్స్ లీగ్ ప్లేఆఫ్.

రోవర్స్ చాంపియన్స్ లీగ్ ఆడింది ఒక్కసారే, 1995-96లో. గ్రూపులో అట్టడుగున నిలిచింది. మాస్కోలో సొంత జట్టు ఆటగాళ్లు డేవిడ్ బ్యాటీ, గ్రేమ్ లె సో మైదానంలోనే కొట్టుకున్నారు. చివరిగా యూరప్ గడప తొక్కింది 2007లో. యూఈఎఫ్ఏ కప్‌లో గ్రీస్ జట్టు లారిసా చేతిలో ఓడి ఇంటికొచ్చింది.

లీగ్ ద్వారా మళ్లీ వెళ్లాలంటే ముందు ప్రీమియర్ లీగ్‌కు చేరాలి, అక్కడ పై వరసలో నిలవాలి. కప్ దారి మాత్రం రెండో అంచె జట్టుకూ తెరిచే ఉంటుంది. 2013లో విగన్ ఎఫ్ఏ కప్ గెలిచి, అదే సీజన్‌లో ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయింది. అయినా చాంపియన్‌షిప్‌లో ఉంటూనే యూరోపా లీగ్ ఆడింది. 2012లో రోవర్స్‌ను కిందికి తోసిన విగనే అది.

యజమాని నిర్ణయాలు యూరప్ తలరాతను కూడా మార్చగలవు. వార్టన్ ఆడిన క్రిస్టల్ ప్యాలెస్ 2025లో ఎఫ్ఏ కప్ గెలిచింది. యూరోపా లీగ్ ఆడాల్సింది. ప్యాలెస్ వాటాదారుకే ఫ్రాన్స్‌లోని లియోన్ క్లబ్‌లోనూ వాటా ఉండటంతో, నిబంధనల ప్రకారం కాన్ఫరెన్స్ లీగ్‌కు దించేశారు. బ్లాక్‌బర్న్ కుర్రాడికి యూరప్ అందింది కానీ, బ్లాక్‌బర్న్ జెర్సీలో కాదు.

అభిమానుల చేతిలో ఏముంది?

జర్మనీలో 50+1 నిబంధన ఉంది. క్లబ్ సభ్యుల చేతిలోనే ఓటింగ్ మెజారిటీ ఉండాలి. కొన్ని మినహాయింపులు తప్ప బయటి పెట్టుబడిదారు పూర్తి పెత్తనం చేయలేడు. ఇంగ్లండ్‌లో అలాంటిది లేదు. అక్కడ అభిమానికి ఉన్న ఆయుధం టికెట్ కొనడం, మానేయడం. 2016-17లో రోవర్స్ అభిమానులు క్లబ్ పుట్టిన సంవత్సరం 1875 గుర్తుగా 18వ నిమిషంలో స్టేడియంలోకి వచ్చి, 75వ నిమిషంలో లేచి వెళ్లిపోయి నిరసన తెలిపారు.

2025 జులైలో బ్రిటన్ కొత్త ఫుట్‌బాల్ చట్టం తెచ్చింది. దీని ప్రకారం స్వతంత్ర నియంత్రణ సంస్థ యజమానుల ఆర్థిక స్థితిని, అర్హతను పరిశీలిస్తుంది. ముఖ్యమైన విషయాల్లో క్లబ్‌లు అభిమానులను సంప్రదించాలి. అయితే సంప్రదించడం వేరు, నిర్ణయించడం వేరు.

రోవర్స్‌లో రచ్చ తెగకపోవడానికి కారణం కూడా ఇదే. మేనేజర్ నచ్చకపోతే గోల చేయొచ్చు, ఒక్కోసారి అతను మారతాడు కూడా. యజమానిని మార్చడం అభిమాని చేతిలో లేదు. పోనీ వెళ్లిపోతే, తర్వాత వచ్చేది ఇంకో వాకరో, బరీకి పట్టిన గతో ఎవరూ చెప్పలేరు. అందుకే ‘వెళ్లిపోండి’ అని అరిచేవాళ్లూ, ‘వెళ్తే ఎలా’ అని భయపడేవాళ్లూ ఈవుడ్ పార్క్‌లో పక్కపక్క సీట్లలోనే కూర్చుంటున్నారు.