సుర్ఖాబులు దిగే నీళ్లు

ఎవరైనా కాస్త నఖరాలు పోతే మన ఇళ్లల్లో అమ్మీలు అనే మాట ఒకటుంది: ‘‘క్యా సుర్ఖాబ్ కే పర్ లగే హైఁ?’’ నీకేమన్నా సుర్ఖాబ్ ఈకలు మొలిచాయా అని. ఈ మాట వినని ఇల్లు లేదు గానీ, ఆ సుర్ఖాబ్ ఎట్లా ఉంటుందో చూసినవాళ్లు మన మొహల్లాల్లో ఎంతమంది? ఉర్దూ మీడియం బడిలో నేను సుర్ఖాబ్ అని చదివాను. డిగ్రీలో తెలుగు కావ్యాల దగ్గరికి వచ్చేసరికి చక్రవాకం ఎదురైంది, రాత్రయితే జంటను విడిచి దుఃఖపడే పిట్ట. రెండూ ఒకటే పరిందా అని ఏ పుస్తకమూ చెప్పలేదు. ఇటుకపొడి రంగు ఒళ్లు, లేత రంగు తల, ఎగిరితే తళుక్కుమనే తెల్లటి రెక్కలు. చలికాలం వచ్చిందంటే అది మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లా నీళ్ల మీదికే దిగుతుంది.

చూడాలంటే పోచారం పోవాలి. నిజామాబాద్ నుంచి బోధన్, రుద్రూర్, బాన్సువాడ, ఎల్లారెడ్డి మీదుగా మెదక్ తొవ్వ పట్టుకుంటే వస్తుంది. 2016లో జిల్లాలు విడగొట్టాక ఇది కామారెడ్డి, మెదక్ సరిహద్దు అయింది. మంజీరలో కలిసే ఆలేరు వాగుకు అడ్డంగా 1916, 1922 మధ్య కట్టిన చెరువు ఇది. చుట్టూ ఉన్న అడవి నిజాముల షికార్‌గా. తుపాకులతో దిగే నవాబులకూ, వాళ్ల అంగ్రేజు మెహమాన్లకూ తప్ప మామూలు రయ్యతుకు అక్కడ పని లేదు. 1952లో అదే షికార్‌గాను అభయారణ్యంగా ప్రకటించారు. దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. జింకల పెంపకం కేంద్రం ఉంది, చిరుతలున్నాయి, కానీ నీళ్ల అంచున కూర్చున్నవాడికి అవన్నీ గుర్తుకు రావు. సుర్ఖాబులతో పాటు తల మీద రెండు నల్లచారలున్న పెద్ద బాతులు దిగుతాయి. టిబెట్, మంగోలియా వైపు గుడ్లు పెట్టే జాతి. హిమాలయాలను 7,000 మీటర్ల పైఎత్తున దాటినట్లు లెక్క ఉంది. మన ఉర్దూలో మురగాబీ అని ఒక్క మాటతో సరిపెట్టేస్తాం గానీ, వీటి సఫర్ చూస్తే ఆ మాట చాలా చిన్నదనిపిస్తుంది.

పోచారం నీళ్లు నిండి పొర్లితే మంజీరలో పడి నిజాంసాగర్‌కే చేరతాయి. అసలు తారీఖ్ అక్కడుంది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆ బంద్ వెనుక మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హుకుం, ఖజానా ఉన్నాయని అందరికీ తెలుసు. దాని వెనుక మెదడు ఎవరిది? మీర్ అహ్మద్ అలీ అనే ఇంజినీరుది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అంటే గుర్తుపడతారు. 1877లో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజినీరింగ్ నేర్చి వచ్చిన మనిషి. ఆయన పుట్టిన జూలై 11ని తెలంగాణ ఇంజినీర్ల రోజుగా జరుపుతున్నారు. మన పిల్లలకు ఆ రోజు స్కూల్లో ఎవరైనా ఆయన పేరు చెబుతున్నారా అనేది వేరే సంగతి.

నిజాం జమానా గురించి మనలో రెండు రకాల మాటలు నడుస్తుంటాయి. ఒకరు జన్నత్ అంటారు, ఇంకొకరు జహన్నుమ్ అంటారు. నిజాంసాగర్ కట్ట మీద నిలబడితే రెండూ సగం సగమే. ఈ కట్ట 2,75,000 ఎకరాలకు నీళ్లివ్వాలని కట్టింది. బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ జమీన్లు పచ్చబడ్డది దీనివల్లే. ఆ నీళ్ల కిందికే సుమారు 40 ఊళ్లు పోయాయి. ఆ ఊళ్లల్లో గుళ్లూ ఉండి ఉంటాయి, దర్గాలూ ఖబ్రస్తాన్లూ ఉండి ఉంటాయి. వాళ్ల కథలు ఏ ఫర్మానులోనూ దొరకవు. కట్ట గురించి ఫఖర్‌గా చెప్పుకునేటప్పుడు ఆ సంగతి కూడా పిల్లలకు చెప్పాలి.

ఇక పిట్టలు ఇక్కడికి ఎందుకు వస్తాయి? లోతు నీళ్ల కోసం కాదు. చేపలు పట్టే నీటికాకులకు లోతు కావాలి గానీ, బాతులకూ కొంగలకూ కావలసింది మోకాలిలోతు నీళ్లు, బురద, గడ్డి. మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల నుంచి నల్లరేగడి మీదుగా ఒండ్రు మోసుకొస్తుంది. అదంతా నిజాంసాగర్ అడుగున చేరింది. మొదటి సామర్థ్యం బాగా పడిపోతే, 1970లలో నీటిమట్టం పెంచారు. అయినా ఇప్పుడు 17.8 టీఎంసీలే. కిసాన్‌కు ఇది నుక్సాన్. అదే బురద పరిందాలకు దస్తర్‌ఖాన్! యాసంగి వరికి నెహర్ ద్వారా నీళ్లు వదిలే కొద్దీ అంచు వెనక్కి జరుగుతుంది, కొత్త బురద బయటపడుతుంది, పిట్టలు దాని వెంట నడుస్తాయి. అంటే రైతు పొలానికి నీళ్లు పోయే రోజుల్లోనే వీటి దావత్.

ఆ నెహర్ వెంట కిందికి వస్తే నిజామాబాద్, బోధన్ నడుమ అలీసాగర్. కాలువ నీళ్లను ఆపి సర్దడానికి కట్టిన జలాశయం. మనం ఈద్ మరునాడు పిల్లలను తీసుకుపోయే బాగ్ అక్కడే ఉంది. ఇంకా ముందుకు పోతే బోధన్, శక్కర్‌నగర్. నీళ్లు వచ్చాయి కాబట్టి చెరకు వచ్చింది, చెరకు వచ్చింది కాబట్టి 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. సొంత చెరకు క్షేత్రాలు, క్వార్టర్లు, మూడు షిఫ్టుల సైరను. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో తాళం పడింది. చెరకు పోయిన చోట వరి నిండింది. వరిమళ్లల్లో నత్తలు, నత్తల కోసం నత్తగుల్ల కొంగలు. ముక్కు మూసినా మధ్యలో సందు ఉండే కొంగ అది. నత్త గుల్లలోంచి మాంసం లాగడానికే అల్లా దానికి అట్లా ఇచ్చాడు. కార్మికుడి రోజీ పోయిన జమీన్‌లోనే ఈ కొంగ రోజీ దొరికింది. దీనికి సంతోషించాలో లేదో నాకు తోచదు.

ఇంకొక పేరు చెప్పకుండా ఈ తారీఖ్ పూర్తి కాదు. నిజాంసాగర్ పూర్తయిన 1931లోనే బొంబాయి నుంచి ఒక నౌజవాన్ హైదరాబాద్ రియాసత్‌కు వచ్చాడు. పేరు సలీం అలీ. బోహ్రా ఖాందాన్. రియాసత్ అంతటా పరిందాల సర్వే చేయడం పని, ఖర్చు నిజాం సర్కారుది. బేగం తెహ్మీనా వెంట ఉండి క్యాంపులు చూసుకుంది. 1931, 32లలో చేసిన ఆ పని బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో అచ్చయింది. ఆ రోజుల్లో సర్వే అంటే పిట్టను కాల్చి, చర్మం భద్రం చేసి, కొలతలు రాసుకోవడమే. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టి, దాని గొంతు మీది పసుపు మచ్చ ఏమిటని అడగబోయి ఈ ఇల్మ్‌లోకి వచ్చినవాడాయన. తర్వాత ఆయనే భరత్‌పూర్ లాంటి చోట్లను కాపాడడానికి కొట్లాడాడు. పోచారం షికార్‌గా నుంచి అభయారణ్యం అయినట్టే ఈయన సఫర్ కూడా.

ఇప్పుడు ఫికర్ తుపాకుల గురించి కాదు. 1980లలో పైన సింగూరు కట్టాక మంజీర నీళ్లు ముందు హైదరాబాద్ నల్లాలకు పోతాయి. వానలు సరిగ్గా పడని ఏడు నిజాంసాగర్ మైదానం అవుతుంది. కిసానూ పరిందా ఇద్దరూ ఒకే కట్ట వైపు చూస్తారు. పోచారంలో మాత్రం ఇంకో ముసీబత్ ఉంది. అది మనం, అంటే పిక్నిక్‌కు వచ్చేవాళ్లం. కారు డోర్లు తెరిచి పాటలు పెట్టడం, తిన్న ప్లేట్లు అంచునే వదిలేయడం, సెల్ఫీ కోసం బురదలోకి పోవడం. మనిషి దగ్గరికి వస్తే గుంపంతా ఒక్కసారి లేస్తుంది. హిమాలయాలు దాటి వచ్చిన పిట్ట తిండి మానేసి గాలిలో చక్కర్లు కొడుతుంది.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఏ ఆదివారమైనా పోవచ్చు. ఫజర్ చదువుకుని బయలుదేరితే ఎండ ముదరకముందే చేరతారు. బిర్యానీ దేగ్చీ కట్టకు ఇవతలే దించుకోండి, పిల్లలకు బైనాక్యులర్ ఇచ్చి కట్ట మీదే కూర్చోబెట్టండి. మార్చి వచ్చేసరికి సుర్ఖాబులు ఉత్తరం తొవ్వ పడతాయి.