రికార్డు సవరణ (డేటాబేస్)

డేటాబేస్‌లో అప్పటికే ఉన్న వరుసలోని కొన్ని గడుల విలువ మార్చడమే రికార్డు సవరణ. 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా ఆధారంగా ఐబీఎంలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ రూపొందించిన సీక్వెల్ భాషే నేటి ఎస్‌క్యూఎల్. అందులో ఈ పనికి ‘అప్‌డేట్’ అనే ఒక్క ఆదేశం చాలు.

నెల్లూరు తీరాన అల్లూరులో ఒక వరి చేను రొయ్యల గుంటగా మారిందనుకుందాం. భూరికార్డులో ఆ సర్వే నంబరుకు సాగు వివరం ఒక్కటే మారాలి. పట్టాదారు పేరు, విస్తీర్ణం కదలకూడదు. చాలా ప్రోగ్రాములు వరుస మొత్తాన్ని తెచ్చి, ఒక గడి మార్చి, అన్నింటినీ తిరిగి రాసేస్తాయి. ఈలోగా మరో ఉద్యోగి మ్యుటేషన్ చేసి కొన్నవారి పేరు ఎక్కించి ఉంటే, అది చెరిగిపోయి పాత పేరే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మారిన గడిని మాత్రమే పంపే చిన్న ఆదేశం ఈ అన్యాయాన్ని తప్పిస్తుంది.

ఏ వరుస మార్చాలో ఆదేశానికి చెప్పే షరతుగా సర్వే నంబరు ఒక్కటే చాలదు. అదే నంబరు పక్క ఊళ్లోనూ ఉంటుంది కాబట్టి గ్రామ కోడు, సబ్‌డివిజన్ కూడా చేర్చాలి. అసలు షరతే మరిచిపోతే పట్టికలోని ప్రతి పొలమూ రొయ్యల గుంటే! అందుకే ఆదేశాన్ని వెనక్కి తీసుకోగలిగే ట్రాన్సాక్షన్‌లో నడిపి, మారిన వరుస ఒక్కటేనని చూసుకున్నాకే కమిట్ (ఖరారు) చేయాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం హక్కుల రికార్డు సవరించే ముందు సంబంధీకులకు నోటీసు ఇవ్వాలంటుంది. అలాంటి మార్పుకు ఆధారం మిగలాలి కాబట్టి, కోడ్ ఎంత పొట్టిదైనా పాత విలువను, మార్చినవారిని, తేదీని వేరే పట్టికలో భద్రపరచడం తప్పనిసరి.